గులాబీదా, పచ్చదా

మొగుడు పని నుంచి రాగానే లలితమ్మ మంచినీళ్లు ఇవ్వకముందే మాస్కు అడిగేది. అతను చెప్పులైనా విడవకముందే గుమ్మంలో చెయ్యి చాచి నిలబడేది. లస్మయ్య చెవులకు తగిలించుకున్న తాళ్లు తీసి, ఆ తెల్లగుడ్డను నాలుగు మడతలు పెట్టి, దొంగసొత్తు అప్పజెప్పినట్టు ఆమె చేతిలో పెట్టేవాడు. ఆమె దాన్ని కుళాయి దగ్గరికి పట్టుకెళ్లి తిరగేసి చూసేది. సరిగ్గా పెదవులు ఆనే చోట ఒక గులాబీ మరక, దాన్ని ఆనుకుని ఒక పచ్చ మరక ఉండేవి.

“మల్ల పీల్చినవ్,” అనేది.

“లే. ఎప్పటిదో అది,” అనేవాడు లస్మయ్య, గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ.

నిన్న సాయంత్రం తన చేత్తో ఉతికి, పొద్దున తన చేత్తోనే ఇచ్చిన మాస్కు. ఎప్పటిదో ఎలా అవుతుంది? అబద్ధం సరిగ్గా ఆడటం కూడా రాని మనిషితో ముప్పై రెండేళ్లు కాపురం చేస్తే ఇంతే. కోపం రావలసిన చోట నవ్వొస్తుంది, నవ్వి ఊరుకుందామంటే ఏడుపొస్తుంది.

ఆ మరకల సంగతి తెలియాలంటే లస్మయ్య పని సంగతి తెలియాలి. సిరిసిల్ల వైపు నుంచి సూరత్‌కు వచ్చి గోడాదరాలో గది తీసుకుని మరమగ్గాల మీద బతికే చాలామందిలో అతనొకడు. మరమగ్గాన్ని వాళ్లు సాంచ అంటారు. సాంచలో నాడె అటూ ఇటూ ఉరుకుతూ పేక దారాన్ని పడుగులోంచి లాక్కుపోతుంది. ఆ నాడె కడుపులో దారం చుట్టిన కండె ఉంటుంది. కండె అయిపోగానే కొత్తది పెట్టి, దాని కొసను నాడె పక్కనున్న సన్నని కంట్లోంచి బయటికి తియ్యాలి. వేళ్లు దూరని కన్ను అది. అందుకని దానికి నోరు ఆనించి ఒక్క పీల్పు పీలుస్తారు. దారం చప్పున వచ్చి నాలుక మీద పడుతుంది. లస్మయ్యకు ఇప్పుడు యాభై ఎనిమిది. ఇరవై రెండో ఏట నేర్చిన పీల్పు అది. ఎనిమిది సాంచలు చూసుకుంటాడు, ఏదో ఒకదానిలో కండె అయిపోతూనే ఉంటుంది, పొద్దస్తమానం నోరు నాడెల మీదే. జార్జెట్ బట్టకు రెండు రకాల పురి దారం కావాలి. అవి కలిసిపోకుండా ఒకదానికి గులాబీ, ఇంకోదానికి పచ్చ కచ్చారంగు వేస్తారు. బట్టను ఉతికితే ఆ రంగు పోతుంది. నేసినవాడి పెదవుల మీద మాత్రం ఇల్లు చేరేదాకా ఉంటుంది.

చిన్నప్పుడు కూతురు వినోద ఆ పెదవులు చూసి, “మా బాపు లిప్‌స్టిక్ పెట్టుకున్నడు!” అని గల్లీ అంతా చాటింపు వేసింది. అప్పుడది ముచ్చట. కరోనా వచ్చిన ఏడు అది ముచ్చట కాకుండా పోయింది.

ఎందుకంటే ఆ నాడెల్ని పీల్చే నోరు ఒక్క లస్మయ్యదే కాదు. పగలు అతను, రాత్రి సాంబయ్య. అవే సాంచలు, అవే నాడెలు. లాక్‌డౌన్ తర్వాత కార్ఖానాలు తెరిచి రెండు షిఫ్టులూ నడవడం మొదలైన నెలకే, పక్క వీధి కార్ఖానాలో నాడెలు పంచుకునే ఇద్దరికి ఒకరి తర్వాత ఒకరికి జ్వరం వచ్చింది. అందులో నర్సింగం అనే ఆయన తన కాళ్లతో నడిచి ఆస్పత్రికి పోయి, తిరిగి రాలేదు. మనుషులు మాస్కులు కట్టుకున్నారు, చేతులకు మందు పూసుకున్నారు, బంధువుల్ని గుమ్మంలోనే నిలబెట్టారు. కండె మారినప్పుడల్లా మాస్కు కిందికి లాగి నాడెకు నోరు ఆనించడం మాత్రం ఎవరూ మానలేదు. అది తప్పని తెలియక కాదు. అది తాము చేస్తున్నట్టే వాళ్లకు తెలియదు.

ఇక వినోద. లస్మయ్య దంపతులకు ఒక్కతే బిడ్డ. ఆమెకు పెళ్లయిన ఆరేళ్లకు కడుపు నిలిచింది. అల్లుడు కమలాకర్ సూరత్ శివారున సచిన్‌లో రంగుల మిల్లులో పని చేస్తాడు. మిల్లువాళ్లిచ్చిన ఒంటిగదిలో కాపురం, పన్నెండు గదులకు కలిపి రెండే మరుగుదొడ్లు. అతని తల్లి ఊళ్లో మంచంలో ఉంది, రాలేదు. పిల్లకు రక్తం తక్కువుందని, జాగ్రత్త అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. తొలికాన్పుకు వినోద పుట్టింటికి రావాలి, అమ్మ చేతి కింద ఉండాలి. లలితమ్మ ఆరేళ్లుగా మొక్కిన మొక్కులన్నీ ఆ ఒక్క రాకడ కోసమే.

కమలాకర్ ఒక ఆదివారం బైకు మీద వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, గడప అవతలే నిలబడ్డాడు.

“అత్తమ్మా, కోపం జేసుకోవద్దు. మామ నోటితోటి దారం పీల్చుడు బంద్ జేస్తెనే వినోదను తీస్కొస్త. గీ ఒక్క రూంల అందరు ఒక్కతానే పండాలె. నర్సింగం ముచ్చట విన్నకాంచి నాకు నిద్ర పడ్తలేదు.”

“నా బిడ్డకంటె ఎక్కువనా నాకు నాడె?” అన్నాడు లస్మయ్య లోపల్నించి, ఆ మాటకే నొచ్చుకుని. “రేపట్నుంచే బంద్.”

“అట్ల గాదు మామా, ఉత్తగ బంద్ జెయ్యుమంటె ఎట్లయితది? నేనన్నీ చూసి తెచ్చిన.” కమలాకర్ ఒక ప్లాస్టిక్ కవరు గడప మీద పెట్టాడు. “ఏది నచ్చితె గది వాడు.”

అల్లుడు మంచివాడు. అతనితో వచ్చిన చిక్కల్లా, మంచితనంలో కొసరు ఎక్కువ. కవరులో పదకొండు వస్తువులున్నాయి. ఊలు అల్లే క్రోషా సూది, సైకిల్ పుల్ల వంచి చేసిన కొక్కెం, సూదిలో దారం ఎక్కించే తీగ, మందు చుక్కలు వేసే రబ్బరు బుడ్డి, సూది లేని సిరంజి, సన్నమూతి చిమటా, ఇంకా పేర్లు తెలియనివి. లస్మయ్య ఆ సాయంత్రం నేల మీద పేపరు పరిచి అన్నింటినీ వరసగా పేర్చి, కొత్త బొమ్మలొచ్చిన పిల్లాడి మాదిరి ఒక్కొక్కటే కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. లలితమ్మ ఆ రోజు నిశ్చింతగా పడుకుంది.

సోమవారం క్రోషా సూది పట్టుకెళ్లాడు. మాస్కు మీద మరక.

“సూది మంచిగనే ఉన్నదే. గని సైకిల్ పుల్ల ఇంక మంచిగుంటదేమో అనిపిస్తున్నది. రేపు గది చూస్త.”

మంగళవారం సైకిల్ పుల్ల. అది బాగానే ఉంది కానీ, రబ్బరు బుడ్డి అయితే నోరు చేసే పనే చేస్తుంది కదా అని అనుమానం. బుధవారం రబ్బరు బుడ్డి. అది మూడు కండెలకు బాగా పీల్చి నాలుగోదానికి మొరాయించింది. అప్పుడతనికి క్రోషా సూదే నయమేమో అనిపించింది. గురువారం మూడూ పట్టుకెళ్లాడు. కండె అయిపోయి సాంచ ఆగినప్పుడు ఏది తియ్యాలా అని జేబులో వెతుకుతుంటే పక్క సాంచ కూడా ఆగింది. ఈ లోపల నోరు తన పని తాను చేసేసింది.

“అన్నీ చూసి ఒకటి పక్కా జేస్త. తొందరేమున్నది?” అన్నాడు.

తొందర ఉంది. ఎనిమిదో నెలలో ఆడపిల్లను కదిలించరు. తొమ్మిది పడ్డాక వచ్చే మొదటి గురువారం మంచిదని పెట్టుకున్నారు. దానికి మూడు వారాలు కూడా లేదు.

ఇదంతా లలితమ్మకు కొత్త కాదు. వినోద పెళ్లికి ముందు లస్మయ్య ఒకసారి, పెళ్లాం పీటల మీద కూర్చోవడానికి మంచి చీర తెస్తానని రింగురోడ్డు మార్కెట్టుకు వెళ్లాడు. పొద్దున పదింటికి వెళ్లినవాడు సాయంత్రం వచ్చాడు, చేతిలో కిలో జామకాయలతో. ఒక దుకాణంలో చూసింది నచ్చేది, పక్క దుకాణంలో ఇంకా మంచిది దొరుకుతుందేమో అనిపించేది. మార్కెట్టులో దుకాణాలకు అంతెక్కడ? జీవితమంతా చీరలు నేసిన మనిషి ఒక్క చీర కొనలేకపోయాడు. డుమస్ సముద్రం ఒడ్డుకు వెళ్లినా అంతే. బజ్జీల బండ్లన్నీ తిరిగి, అన్నింటి దగ్గరా వాసన చూసి, చివరికి ఇంటి నుంచి లలితమ్మ తెచ్చిన పల్లీలు తిని వచ్చేవాడు. ఆమె దాన్ని తలుచుకుని ఎన్నిసార్లు నవ్వుకుందో. ఈసారి నవ్వు రాలేదు.

రెండు వారాలు చూసి, ఒక సాయంత్రం ఆమె సహనం తెగింది. కవరులోని వస్తువులన్నీ మూటగట్టి అటక మీదికి విసిరి, సైకిల్ పుల్ల కొక్కెం ఒక్కటి అతని ముందు పడేసింది.

“ఇగో, గిదే. ఇంకోటి లేదు. రేపట్నుంచి దీంతోనే తియ్యాలె. నోరు పెట్టినవా, ఇంట్లకు రాకు.”

లస్మయ్య ముఖం ముడుచుకుపోయింది. “ముప్పై ఆరేండ్లు అయితున్నది నేను సాంచెక్కి. సేఠ్ గూడ నాకు గిట్ల చెయ్యి అని చెప్పలే. నువ్వు నేర్పుతవా నాకు?”

మర్నాడు ఆ కొక్కెం గూట్లోనే ఉండిపోయింది. మర్చిపోయానన్నాడు. ఆ మర్నాడూ మర్చిపోయాడు. మాస్కు మీద మరకలు ఎప్పటికన్నా చిక్కగా, దాపరికం లేకుండా ఉన్నాయి. మొగుడూ పెళ్లాలు రెండు రోజులు మాట్లాడుకోలేదు. ఎనిమిది అడుగుల గదిలో ఇద్దరు మనుషులు మాట్లాడుకోకుండా ఉండటం చిన్న పని కాదు. పప్పుగిన్నె జరపమనడానికి కూడా గోడతో చెప్పాలి.

మూడో రోజు మధ్యాహ్నం వినోద ఫోను చేసింది.

“అమ్మా, నేను రాను గానీ… ఏం కాదు. ఇక్కడ పక్క రూం భాభీ ఉన్నది. సంభాల్ లేతి, అన్నీ చూసుకుంటది. బాపుకు ఏమనకు.”

“నీ మొగడు ఒద్దన్నడా?”

“ఒద్దనలే. రోజు అడుగుతున్నడు, అమ్మ ఏమన్నది, మాస్కు తెల్లగుంటున్నదా అని. నువ్వు చెప్పింది నమ్ముతడంట. వారం రోజులు మంచిగుంటె చాలు అంటున్నడు.” గొంతు తగ్గించింది. “అమ్మా, నాకు భయమైతున్నది. నువ్వు లేకుంటె నాతోని గాదు.”

ఫోను పెట్టేసి లలితమ్మ మళ్లీ పనికి కూర్చుంది. ఆమె ముందు చీరల కుప్ప ఉంది. ఎంబ్రాయిడరీ అయిన చీరలకు వెనక వేలాడే దారపు పోగులు కత్తిరించి ఇవ్వడం ఆమె పని. కత్తెర చేతిలో ఉంది గానీ ఆడటం లేదు. నేను చెప్పింది నమ్ముతాడట. ఒక్క మాట చాలు. తెల్లగానే ఉంది కమలాకర్, వారం నుంచీ తెల్లగానే ఉంది అంటే చాలు, బిడ్డ గురువారానికి ఇంట్లో ఉంటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అప్పుడు నర్సింగం భార్య గుర్తొచ్చింది. ఆమె కూడా చీరలు కత్తిరించేదే. మొన్న గాజుల్లేని చేతులతో వచ్చి చీరల మూట తీసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా పోయింది. లలితమ్మ ఆ అబద్ధాన్ని మింగేసింది.

కళ్లు తుడుచుకుని, మరి ఏం చెయ్యాలి అని ఆలోచించింది. ఏదైనా పట్టుకో అంటే ఈ మనిషి ఏదీ పట్టుకోడు. ఇదే పట్టుకో అంటే అసలే పట్టుకోడు. అచ్చం కూతురు లాగే.

కూతురు గుర్తుకు రాగానే కత్తెర కింద పెట్టింది. మూడేళ్లప్పుడు వినోద పాలంటే ఆమడ దూరం పరిగెత్తేది. తాగు అంటే తాగదు. పోనీ ఏం తాగుతవే అంటే, ఆ అని, ఈ అని, చివరికి కాళ్లు నేలకు కొట్టుకుంటూ ఏడ్చేది. లలితమ్మ ఒకరోజు విసుగెత్తి రెండు గ్లాసులు తెచ్చి ముందు పెట్టింది. స్టీలు గ్లాసులనా, ఇత్తడి గ్లాసులనా? పిల్ల ఏడుపు మాని రెండింటినీ మార్చి మార్చి చూసి, ఇత్తడిది అంది. గటగటా తాగేసింది. పాలు తాగాలా వద్దా అన్న సంగతి అందులో లేనే లేదని ఆ పిల్లకు తట్టలేదు.

పిల్ల తండ్రికి మాత్రం తడుతుందా? లలితమ్మ ముఖంలోకి మూడు రోజుల తర్వాత నవ్వొచ్చింది.

మూలన విరిగిన గొడుగు ఉంది. దాని పుల్లలు రెండు విరిచింది. స్టవ్వు మంట మీద కొసలు ఎర్రగా కాల్చి పట్టకారుతో వంచింది. దారం తెగకుండా ఆ కొసల్ని రాయి మీద నున్నగా రాసింది. ఒకదాని కొస సన్నగా వచ్చింది, ఇంకోదానిది కాస్త లావైంది. పట్టుకునే చోట వేళ్లకు గుచ్చుకోకుండా లస్మయ్య కార్ఖానా నుంచి తెచ్చిన తుక్కు దారం చుట్టింది. సన్నదానికి గులాబీ, లావుదానికి పచ్చ.

సాయంత్రం లస్మయ్య వచ్చాడు. ఆమె మాస్కు కోసం చెయ్యి చాచలేదు. చాయ్ ఇచ్చి, రెండు పుల్లల్నీ పళ్లెంలో పెట్టి ముందుకు జరిపింది.

“ఒకటి నీకు, ఒకటి సాంబన్నకు. ఏది నువ్వుంచుకుంటవ్, ఏది ఆయనకిస్తవ్?”

లస్మయ్య ఆమె ముఖంలోకి ఒకసారి చూశాడు. తర్వాత పుల్లల్ని చూశాడు. చాయ్ పక్కన పెట్టి ఒక్కొక్కటీ తీసుకుని కొస మీద బొటనవేలు ఆనించాడు. సంచీలోంచి పాత నాడె తీసి (ఇల్లంతా నాడెలే ఆ మనిషికి) కంట్లోకి దూర్చి చూశాడు.

“సాంబడికి చూపు ఆనుతలేదు ఈ మధ్య. సన్నది వానికి కష్టం. ఈ పచ్చది వానికి. గులాబీది నేనుంచుకుంట.”

“మంచిది,” అంది లలితమ్మ, గొంతులో ఏమీ తెలియనివ్వకుండా.

మరునాడు మాస్కు మీద మరక ఉంది. చిన్నది.

“నాలుగుసార్లు మర్చిపోయిన,” అన్నాడు లస్మయ్య, ఈసారి క్యాలెండరు వైపు చూడకుండా. “పుల్ల చేతులనే ఉంటది. నోరే ముందుగాల పోతది, దొంగది.”

రెండో రోజు ఆ పుల్లకు తాడు కట్టి మెడలో వేసుకున్నాడు. వంగినప్పుడల్లా అది గడ్డానికి తగిలి గుర్తు చేస్తుందట. ఆ ఉపాయం ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టాడు. మెల్లగా తియ్యడం వల్ల మొదట్లో సాంచలు ఆగేవి, మూడో రోజుకి చెయ్యి తిరిగింది. అన్నిటికన్నా మేలు చేసింది సాంబయ్య. షిఫ్టు మారేటప్పుడు లస్మయ్య అతనికి పచ్చ పుల్ల ఇచ్చి, ఎట్లా దూర్చాలో, ఎట్లా తిప్పాలో నేర్పాడు. నేర్పినవాడు మళ్లీ తానే నోరు పెడితే ఏం మర్యాద? సాంబయ్య వచ్చే వేళకు లస్మయ్య కావాలని ఒకటి రెండు కండెలు ఉంచుకుని, అతని ఎదుట దర్జాగా పుల్లతో తీసేవాడట.

మూడో రోజు మాస్కు తెల్లగా వచ్చింది. ఆ తర్వాతి మూడు రోజులూ అంతే. లలితమ్మ దాన్ని వెలుగులోకి పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసి, తెల్లగా ఉన్నదాన్నే మళ్లీ సబ్బు పెట్టి ఉతికింది. ప్రతిరోజూ వినోదకు ఫోను చేసి ఒక్క మాట చెప్పేది: “తెల్లగున్నది.” అవతల్నించి కూతురు ఊపిరి వదలడం వినిపించేది.

గురువారం ఇంకా రెండు రోజులుందనగా, మంగళవారం సాయంత్రం, మాస్కు లోపల కందిగింజంత పచ్చ చుక్క కనబడింది.

లలితమ్మ కుళాయి గట్టు మీద కూలబడింది. ఇంత చిన్న చుక్క, సబ్బు పెడితే క్షణంలో పోతుంది. చూసింది తనొక్కతే.

“నేనే చెప్త,” అన్నాడు వెనక నుంచి లస్మయ్య. అతను గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. “పగటీలి రెండు సాంచలు ఒక్కసారి ఆగినయి. పుల్ల ఒకదాంట్ల ఉన్నది, రెండోదాన్కి నోరు పోయింది. ఒక్కపారే. ఫోను జెయ్యి అల్లునికి.”

ఆమె వద్దనలేదు. నంబరు కలిపి స్పీకరు పెట్టి అతని ముందు ఉంచింది. లస్మయ్య గొంతు సవరించుకున్నాడు.

“కమలాకర్, నాలుగు దినాలు మంచిగున్న. ఇయ్యాల ఒక్కసారి తప్పింది. నువ్వు వారమన్నవ్, వారం గాలే. మల్ల మొదట్నుంచి లెక్క పెట్టుకో. బిడ్డను జర మంచిగ చూసుకో, అంతవరకు.”

లలితమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

“మామా,” అన్నాడు కమలాకర్. “నేను పదకొండు ఇచ్చినప్పుడు రోజు ఫోన్ల ఏమన్నవ్? అన్నీ మంచిగున్నయి, వాడుతనే ఉన్న అన్నవ్. ఒక్కటి గూడ సక్కగ వాడలే. ఇయ్యాల ఒక్కసారి తప్పిందని నువ్వే చెప్తున్నవ్.”

“మరి తప్పింది గదా.”

“గురువారం పొద్దుగాల తొమ్మిదింటికి తీస్కొస్త. అత్తమ్మను గంజి పెట్టుమను, వినోద అడుగుతున్నది.”

లస్మయ్య మెడలోంచి పుల్ల తీసి, కుళాయి కింద కడిగి, తువ్వాలుతో తుడిచి మళ్లీ మెడలో వేసుకున్నాడు. లలితమ్మ ఏడుస్తూనే గంజికి బియ్యం చెరగడం మొదలుపెట్టింది. ఇంకా రెండు రోజులుందని ఆమెకు గుర్తే లేదు.

గురువారం వినోద వచ్చింది. గదికి అడ్డంగా చీర కట్టి ఇవతలి పక్క తల్లీకూతుళ్లు, తలుపు వైపు లస్మయ్య. కార్ఖానా నుంచి వచ్చి స్నానం చేస్తే గానీ లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. చీరకు అవతల కూర్చునే కూతురితో కబుర్లు చెప్పేవాడు. కార్తీకంలో, దీపావళి వెళ్లిన నాలుగో రోజున, గోడాదరాకు దగ్గరలోని ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికొచ్చారు.

పిల్ల పుట్టిన పది రోజుల దాకా లస్మయ్య మనవరాలిని ముట్టుకోలేదు. చీర పక్కకు జరిపి, చేతులు వెనక్కి కట్టుకుని, దూరం నుంచి చూసేవాడు.

“బాపూ, ఎత్తుకో. నువ్ మంచిగనే ఉన్నవ్ గదా,” అనేది వినోద.

“ఒద్దు బిడ్డా. నా నోరు ఎన్నేండ్ల సంది పాడు నోరు. దానికి నమ్మకం లేదు,” అనేవాడు.

పదకొండో రోజు పురుడు స్నానం అయింది. లస్మయ్యకు సెలవు. లలితమ్మ పిల్లను పొత్తిళ్లలో పెట్టుకుని వచ్చి అతని ఎదుట కూర్చుంది. మూతి దగ్గరికి, చేతుల దగ్గరికి ఎవరూ రావద్దని నర్సమ్మ చెప్పింది. ఆమె కిందివైపు గుడ్డ తొలగించింది. ఎర్రటి చిన్న పాదాలు రెండు బయటికొచ్చి గాల్లో తన్నుకున్నాయి.

“కుడికాలా, ఎడమకాలా?” అంది.

లస్మయ్య పెళ్లాం ముఖంలోకి చూసి పక్కున నవ్వాడు.

“మల్ల మొదలువెట్టినవా?”

“ఏంది?”

“గీ రెండింటి ముచ్చట. స్టీలు గ్లాసులనా, ఇత్తడి గ్లాసులనా! నాకెరుక లేదనుకున్నవా? గులాబీది, పచ్చది పళ్లెంల వెట్టినప్పుడే నాకు ఎరుకయింది.”

లలితమ్మ విస్తుపోయింది. ఇన్నాళ్లూ తన తెలివికి తనే మురిసిపోతోంది. “ఎరుకయినంక మరెందుకు తీసుకున్నవ్?”

లస్మయ్య మెడలోని పుల్లను వేళ్లతో తిప్పాడు. గులాబీ దారం మాసి రంగు వెలిసిపోయింది.

“పదకొండుట్ల ఏది తీసుకున్నా, ఇంకోటి మంచిగుంటదేమో అని గుబులే. రెండుట్ల గా గుబులు లేదు. ఏది తీసుకున్నా నువ్వు చేతులు కాల్చుకుని చేసిందే గదా.”

ఆ రోజు పుల్లలు వంచుతుంటే బొటనవేలు కాలిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అతను చూశాడని ఆమెకు తెలియదు. లలితమ్మ తల వంచుకుని పిల్ల గుడ్డ సర్దినట్టు చేసింది. చీర అవతల వినోద నిద్రపోతున్నట్టే ఉంది గానీ, ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

“జల్ది చెప్పు. పిల్లకు చలి వెడ్తది. కుడిదా, ఎడమదా?”

“ఎడమది,” అన్నాడు లస్మయ్య.

వంగాడు. అలవాటుగా పుల్ల గడ్డానికి తగిలింది. దాన్ని పక్కకు తోసి, ఆ చిట్టి అరికాలికి పెదవులు ఆనించాడు. పిల్ల కాలు వెనక్కి లాక్కుని మళ్లీ చాపింది. లస్మయ్య కళ్లు మూసుకుని అలాగే ఉండిపోయాడు.

అతను తలెత్తగానే, అతని అలవాటు పోయింది గానీ తన అలవాటు పోని లలితమ్మ, ఆ పాదాన్ని వెలుగు వైపు తిప్పి చూసింది. రంగేమీ అంటలేదు.

“ఇగ కుడిది గూడ పెట్టుకో,” అంది.